రేపు ‘వచ్చాడు’ అన్న కథను ఎవరు చదవాలి?

పాత కథలు చదివి వినిపించే యూట్యూబు ఛానెళ్ళ మీద గొడవ మళ్ళీ లేచింది. మాటలు పాతవే. “మా నాయన కథను మమ్మల్ని అడక్కుండా చదివినారు, నడుమ సగం కోసేసినారు” అని రచయితల పిల్లలు. “మేం చదవకపోతే ఆ కథ ఎవరికి గుర్తుండేది?” అని చదివినవాళ్ళు. కడప, అనంతపురం వైపు మూడో మాట ఒకటి కలిసింది: మా ఇళ్ళ కథను వేరే ప్రాంతపు యాసలో ఎందుకు చదివినారు అని. ఈ మూడూ వేర్వేరు తగాదాల్లా కనిపిస్తాయి గానీ, వేరు మాత్రం ఒక్కటే.

రేడియో ముందు ఊరంతా కూర్చున్న రోజుల సంగతి అందరికీ తెలిసిందే, దాటేద్దాం. ఈ తగాదా మొదలయ్యేది 1991 డిసెంబరు ఆఖరి వారంలో, కాపీరైటు గడువు పెంపుతో, అదీ బెంగాల్ కోసం.

1957 కాపీరైటు చట్టం ప్రకారం అప్పటిదాకా రచయిత పోయాక 50 ఏళ్ళు హక్కులు వారసులవి. ఠాగూరు 1941లో పోయారు కాబట్టి 1991 ఆఖరుతో ఆయన రచనలు ఆయన పెట్టిన విద్యాలయం విశ్వభారతి చేతులు దాటిపోవాలి. గడువుకు ఇంకా నాలుగు రోజులు కూడా లేవనగా ఆర్డినెన్సు వచ్చింది, 1992లో చట్టమైంది. 50 కాస్తా 60 అయింది. బెంగాల్ కోసం కలిపిన ఆ పదేళ్ళు తెలుగు కథకు ఎక్కడ తగిలాయో అప్పట్లో ఎవరూ లెక్క వేసుకోలేదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిని చూడండి. పెళ్ళి మాటలు, వదినా మరదళ్ళ ఎత్తిపొడుపులు, మొగుడూ పెళ్ళాల అలకలు ఆయన రాసినంత వినసొంపుగా రాసినవాళ్ళు తక్కువ. కథ చదివి వినిపించాలనుకునే ఎవరికైనా చెయ్యి ముందు అటే పోతుంది. ఆయన 1961లో పోయారు. పాత లెక్క నిలిచి ఉంటే 2012 జనవరి 1 నుంచి ఆయన కథలు అందరివీ. కొత్త లెక్కలో అది 2022 జనవరి 1కి జరిగింది.

జరిగిన ఆ పదేళ్ళలోనే ఊరూరికీ చవక నెట్టు వచ్చింది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. నెలకు ఒక జీబీని పొదుపుగా వాడుకునే ఇళ్ళలో రోజుకు ఒక జీబీ వాడకం మొదలైంది. 2020లో లాక్‌డౌన్ పడింది. చదివి వినిపించడమనే అలవాటు ఊపందుకున్న ఆ అయిదారేళ్ళలో, జనం అడిగే ప్రేమ కథలు, కుటుంబ కథలు దాదాపు అన్నీ హక్కుల్లోనే ఉన్నాయి. గురజాడ (మరణం 1915) తరం వాళ్ళవి తప్ప చేతికందేవి లేవు. మరి చదివేవాళ్ళు ఏం చేశారు? అడగడం మానేశారు. ‘రచయితకు కృతజ్ఞతలతో’ అని కింద ఒక వరుస రాస్తే చాలనుకున్నారు. 2022 వచ్చేసరికి ఆ అలవాటు గట్టిపడిపోయింది. ఏది స్వేచ్ఛగా చదవొచ్చో, ఏది అడిగి చదవాలో తేడా చూసే అవసరమే కనబడలేదు.

ఇప్పటి లెక్క ఇదీ. రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు. బుచ్చిబాబు 1967లో పోయారు, 2028 జనవరి 1 నుంచి ఆయన కథలు స్వేచ్ఛ. చలం 1979, అంటే 2040. కొడవటిగంటి కుటుంబరావు 1980, అంటే 2041. ఇక రాయలసీమ వైపు రండి. మధురాంతకం రాజారాం 1999లో పోయారు, 2060. అనంతపురం సింగమనేని నారాయణ 2021, 2082. కడప జిల్లా కేతు విశ్వనాథరెడ్డి 2023, 2084.

ఈ వరుసను నిదానంగా చూస్తే యాస తగాదా ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది. సీమలో కథ విరివిగా పండింది ఆలస్యంగా. అందుకే ఇవాళ అడక్కుండా చదవదగ్గ మంచి కుటుంబ కథల్లో ఎక్కువభాగం విజయనగరానివో గోదావరి వైపువో. ఆ కథలతో గొంతు దిద్దుకున్న పాఠకులు అదే గొంతుతో మన కథల్లోకి వస్తారు. ఇది దురుద్దేశం కాదు. కానీ ఫలితం ఫలితమే.

ఒక ఉదాహరణ దగ్గర పెట్టుకుని చూద్దాం. కడప వైపు ‘వస్తాడు’ అనడానికి ‘వచ్చాడు’ అంటారు. జరిగిపోయినదానికి ‘వచ్చినాడు’. అలాగే ఇస్తాడు అంటే ‘ఇచ్చాడు’, చేస్తాడు అంటే ‘చేచ్చాడు’. ఒక కథలో పెండ్లాం వాకిట్లో కూర్చుని “ఆయప్ప వచ్చాడు లేత్తా” అందనుకోండి. ఇంకా రాని మొగుడి కోసం అత్తకు ధైర్యం చెబుతోంది. తెలియని గొంతు ఆ మాటను గెలుపుతో, ఇప్పుడే గడపలో అడుగు పడినట్టు చదువుతుంది. వినేవాళ్ళకు మొగుడు వచ్చేశాడు. తర్వాతి పేరాలో ఆమె ఏడుపు ఎందుకో అర్థం కాదు. ఒక్క అక్షరం తేడా లేదు, కథ మాత్రం తలకిందులైంది. కొందరు పాఠకులు ఇంకో అడుగు ముందుకేసి దాన్ని అచ్చుతప్పు అనుకుని ‘వస్తాడు’ అని దిద్ది చదువుతారు. అర్థం నిలబడుతుంది, మనిషి పోతుంది.

చుట్టరికాల మాటలూ ఇంతే. ఇక్కడ ‘అబ్బ’ అంటే తాత. “అబ్బ ఇంటికి వచ్చినాడు” అన్న వాక్యాన్ని “అబ్బ! ఇంటికి వచ్చినాడు” అని నిట్టూర్పుతో చదివితే తాత కథలోంచి మాయమవుతాడు. ‘జేజి’ అంటే నాయనమ్మ. వేరేచోట్ల పిల్లలకు దేవుణ్ణి చూపించి చెప్పే మాట అది. జేజి కాళ్ళు ఒత్తే మనవరాలి కథ భక్తి కథ అయిపోతుంది. కంప్యూటరు గొంతుతో చదివించేవాళ్ళకు ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. యంత్రానికి రాత కనబడుతుంది గానీ చుట్టరికం కనబడదు. ‘అబ్బ’ పక్కన కామా లేకపోయినా ఆశ్చర్యం పలికించేస్తుంది. యంత్రంతో చదివించక తప్పదనుకుంటే ఇలాంటి మాటలున్న వాక్యాలను విడిగా విని, మనిషి గొంతుతో మళ్ళీ చదివి అతికించాలి.

ఇప్పుడు రేడియో వైపు ఒకసారి వెనక్కి తిరగాలి, కానీ మురిపెం కోసం కాదు. 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది, 1963లో కడప కేంద్రం. అక్కడ కథకు దొరికేది పావుగంట. ప్రకటనలు పోను చదవడానికి మిగిలేది పదమూడు పద్నాలుగు నిమిషాలు. తెలుగు మాటలు పొడవు కనుక నింపాదిగా చదివితే నిమిషానికి 90 నుంచి 110 మాటలు నడుస్తాయి. అంటే కథ దాదాపు 1,300 మాటల్లో ఒదగాలి. పుస్తకంలో పద్నాలుగు పేజీలున్న కథలో సగానికి పైగా పోవాల్సిందే. మరి అప్పుడు ఎవరూ ఎందుకు గొడవ పడలేదు? చాలాసార్లు స్టూడియోకు వచ్చి చదివింది రచయితే. కోసుకున్నదీ ఆయనే, యాసా ఆయనదే. ఒప్పందం కాగితం మీద ఉండేది, పారితోషికం చేతికి వచ్చేది. పైగా ఆ చదువు గాలిలో కలిసిపోయేది. టేపు ఖరీదైనది కాబట్టి చెరిపి మళ్ళీ వాడేవారు. అనుమతి ఒక పూటకు. ఇప్పుడున్నది ఎప్పటికీ చెరగని ఫైలు.

చట్టం ఈ తేడాను ముందే చూసింది. కథను జనానికి వినిపించడం ఒక హక్కు, దాన్ని ధ్వని రికార్డు చేయడం ఇంకో హక్కు. పుస్తకం నుంచి తగినంత భాగం సభలో చదవడానికి మినహాయింపు ఉంది. టికెట్టు లేని సభలో ఔత్సాహిక బృందం ప్రదర్శించడానికీ ఉంది. మొత్తం కథను రికార్డు చేసి నెట్టులో పెట్టడం ఆ రెంటిలోకీ రాదు. చూపు లేనివారి కోసమే చదువుతున్నామని కొందరంటారు. 2012 సవరణ ఆ వెసులుబాటు ఇచ్చిన మాట నిజం, అయితే ఆ రికార్డు వారికే అందాలి. ఎవరైనా తెరిచి వినగలిగితే, మధ్యలో ప్రకటన పడితే, ఆ వాదన నిలవదు.

చదివేవాళ్ళ పక్షాన చెప్పాల్సింది ఉంది. అరగంట కథకు మూడు నాలుగు గంటల పని. సీమలో బండల మిద్దెలు, కింద కడప బండల నేల, గదంతా గిన్నెలా మోగుతుంది. గోడలకు బొంతలు వేలాడదీసి, బట్టలతో నిండిన బీరువా తలుపులు తీసి దానికి ఎదురుగా కూర్చుంటే మోత తగ్గుతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ వచ్చినప్పుడల్లా గాలి గుద్దుతుంది. ఫ్యాను ఆపాలి, మే నెలలో అది చిన్న శిక్ష కాదు. అందుకే తెల్లవారుజామున, బోరు మోటార్లు, గుడి మైకులు లేవకముందే ముగించుకుంటారు. తర్వాత శబ్దం తీసేసే ఫిల్టరు మరీ గట్టిగా వేస్తే మాట చివరి అక్షరాలు నీళ్ళలో మునిగినట్టవుతాయి. ఇంత చేస్తే ప్రకటనల మీద వచ్చేది చాలామందికి నెల కరెంటు బిల్లుకు కూడా సరిపోదు.

కోతకు వాళ్ళు చెప్పే కారణం కూడా నిజమే. వాట్సాప్‌లో ఆడియోకు చాలాకాలం 16 ఎంబీ హద్దు ఉండేది. ధ్వని నాణ్యతను 128 కేబీపీఎస్‌లో (సెకనుకు 128 కిలోబిట్లు) పెడితే పదహారు నిమిషాలు దాటగానే ఫైలు పోదు. కానీ మనిషి గొంతుకు మోనోలో, అంటే ఒకే వరుస ధ్వనిలో, 64 చాలు, అరగంట కథ 14 ఎంబీల్లో సరిపోతుంది. కోయాల్సింది ఫైలు బరువును, కథను కాదు. ఈ చిన్న సెట్టింగు తెలియక ఎన్ని పేరాలు పోయాయో! ముందు పోయేవి ఎప్పుడూ వంటింటి మాటలే. కుటుంబ కథకు ప్రాణం అక్కడే ఉంటుంది.

వారసులు దీన్నే పట్టుకుంటారు, వాళ్ళకు ఆధారమూ ఉంది. రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు, డబ్బుతో పనిలేకుండా, రచయిత తర్వాత కూడా ఆయన వారసులకు ఉంటుంది. అయితే అమలు కష్టం. యూట్యూబులో యంత్రం పోల్చేది ధ్వనిని ధ్వనితో, కథను కథతో కాదు. ఒకే కథను పది గొంతులు చదివినా దానికి పట్టదు. అదే ఒక ఛానెల్ ఆడియోను ఇంకొకరు ఎత్తుకుంటే మాత్రం పట్టేయగలదు. రచయితను ఒక్కసారీ అడగనివాళ్ళు తమ గొంతు ఎవరో దొంగిలించారని ఫిర్యాదు చేయడం అలా సాధ్యమవుతోంది. వారసులు మాత్రం ఒక్కో వీడియో లింకూ వెతికి, ఫారం నింపి పంపాలి. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు (కాపీరైటు హెచ్చరికలు) పడితే ఛానెలే పోతుంది. ఎదుటివాళ్ళు ప్రతివాదం పంపితే పది పనిదినాల్లో కోర్టుకు వెళ్ళినట్టు చూపించాలి. పల్లెలో ఉండే రచయిత కూతురికి అది అయ్యే పనేనా?

దీనికంటే ఒక పేజీ ఉత్తరం సులువు. అనుమతి రాతలోనే ఉండాలి. ఫోనులో ‘సరే కానియ్యండి’ అన్నది చాలదు. పుస్తకం వేసిన ప్రచురణకర్తను అడిగితే సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. ఆయన చేతిలో ఉన్నది చాలావరకు అచ్చు హక్కే. పిల్లలు నలుగురుంటే నలుగురి సంతకాలూ కావాలి. కథ పేరు, ధ్వని రికార్డు చేసి ఇంటర్నెట్టులో పెట్టేందుకు అన్న మాట, సొమ్ము ఎంత, లేదంటే ఉచితమని అందులో రాయాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళే అని చట్టం అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే. డల్లాస్‌లో వినే మేనమామ కొడుకు దాని బయట పడతాడు కాబట్టి ‘ప్రపంచమంతటా’ అని రాయించుకోవాలి.

సీమ కథ అయితే ఆ ఉత్తరంలో ఇంకో వరుస చేర్పించుకోవడం వారసుల చేతిలో పని: చదివేవారు సంభాషణల్లో మాట మార్చరాదు, ‘వచ్చాడు’ను ‘వస్తాడు’ చేయరాదు, అనుమానం ఉన్నచోట చదవడానికి ముందే మమ్మల్ని అడగాలి.