కంప్యూటర్ వెలగకపోతే: తాత ఉత్తరం

నర్సంపేట

బిడ్డలారా,

కంప్యూటర్ చచ్చిపోయిందని మీరు నిన్న ఫోనులో చెప్పిన తీరుకు నా మనసు చివుక్కుమంది. అందులో నాయనమ్మ ఫోటోలున్నాయని మీ భయం. ఫోటోలుండేది హార్డ్ డిస్కులో. కంప్యూటర్ వెలగనంత మాత్రాన అవి పోయినట్టు కాదు.

పాకాల కాలువ నీళ్లు మన మడికి అందనప్పుడు మీ ముత్తాత గట్టు వెంట తూము దాకా నడిచి చూసేవాడు. మీరూ కరెంటు వచ్చే దారి వెంట అలాగే నడవండి. ముందు గోడ ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి చూడండి. కంప్యూటర్ వెనక, వైరు దూరేచోట చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు గీత, మరోవైపు సున్నా. తుడుస్తుంటే చెయ్యి తగిలి సున్నా వైపు పడిందేమో చూడండి.

తర్వాత బటన్ నొక్కి చెవి పెట్టండి. ఫ్యాను అసలు కదలకపోతే నా అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద. 230 వోల్టుల ఇంటి కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చే ఇనుప డబ్బా అది. దాన్ని విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు నిలిచి ఉండవచ్చు. అది రిపేరు దుకాణం వాళ్ల పని.

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే, మానిటర్ లైటు, కేబులు చూశాక ర్యామ్ దగ్గరికి రండి. కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు సమాచారాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచే సన్నని పట్టీ అది. మీ ఇల్లు ఎనుమాముల మార్కెట్ దారిలో కదా, పత్తి బండ్లు తిరిగే నెలల్లో నూగు ఎక్కడికైనా చేరుతుంది. ప్లగ్గు పూర్తిగా తీసి, బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. పక్క మూత తీసి, రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ర్యామ్ పట్టీ కూర్చునే గాడిని స్లాటు అంటారు, దాని చివరనున్న క్లిప్పులు వెనక్కి వంచితే పట్టీ పైకి వస్తుంది. అంచున వరుసగా బంగారు రంగు గీతలుంటాయి. వాటిని వేలితో తాకకండి. తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి రాలిపోయేలా బ్రష్షుతో దులపండి. పట్టీ గాడి, స్లాటులోని మిట్ట ఎదురెదురుగా వచ్చాకే రెండు చివరలా సమంగా నొక్కండి. టక్కుమని వినిపించాలి. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటిగా పెట్టి చూడండి.

ఎక్కడ ఆగారో, బీప్ మోతలు వస్తే ఎన్ని వచ్చాయో కాగితం మీద రాసుకుని సాయంత్రం ఫోను చేయండి. దుకాణానికి ఇవ్వాల్సి వస్తే, ఫోటోలు వేరేచోటికి ఎక్కించేదాకా డిస్కు చెరపవద్దని ముందే చెప్పండి.

మీ తాత