ఆయాగా చేరితే ఆయాగానే రిటైర్ అవ్వాలా? అంగన్‌వాడీ పదోన్నతుల వెనక 50 ఏళ్ల కథ

అంగన్‌వాడీల గురించి వచ్చే వార్తలన్నీ జీతాల చుట్టూనే తిరుగుతాయి. జీతం పెద్ద సమస్యే, కాదనను. కానీ దాని వెనక ఇంకోటి ఏళ్ల తరబడి నలుగుతోంది. ఒక ఆయా ఇరవై ఏళ్లు ఒళ్లు వంచి పనిచేస్తే ఏమవుతుంది? చాలామంది విషయంలో జవాబు ఒకటే: ఆయాగానే రిటైర్ అవుతుంది. టీచర్‌గా చేరినామె టీచర్‌గానే దిగిపోతుంది. ఈ మధ్యలో ఆమె కూర్చున్న ట్రైనింగులు చాలా, కొత్తగా నేర్చుకున్న పనులు చాలా. అవేవీ ఆమె హోదాను పెంచవు.

ఎవరో ఒక అధికారి అశ్రద్ధ వల్ల ఇలా జరగలేదు. పథకం మొదలైనప్పుడే ఈ పనిని ఉద్యోగంగా చూడలేదు. ఉద్యోగం కానిదానికి పదోన్నతి ఎక్కడిది? అక్కడి నుంచి చూస్తే తప్ప ఈనాటి గొడవలు అర్థం కావు.

సేవగా మొదలైన పని

అంగన్‌వాడీ ఆలోచన ప్రభుత్వానిది కాదు. 1945లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం బాలవాడి నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాడలోకి, వాకిట్లోకి తీసుకెళ్లారు. స్వాతంత్య్రం తర్వాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షురాలు మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చి బాలవాడీలు నడిపించింది. మూడో పంచవర్ష ప్రణాళిక రోజుల్లో బాలసేవికలకు దాదాపు ఏడాది పాటు శిక్షణ కూడా ఇచ్చేవారు. పసిపిల్లలతో పనిచేయాలంటే అంత కాలం నేర్చుకోవాలని అప్పట్లో అనుకున్నారన్నమాట.

1975 అక్టోబర్ 2న కేంద్ర పథకం ఐసీడీఎస్, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, 33 బ్లాకుల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, పిల్లలకు ఆటపాటల చదువు, ఈ ఆరు సేవలూ ఒకే గదిలోంచి అందాలి. వాటిని అందించే మనిషి ఆ ఊరి ఆడమనిషే అయి ఉండాలి. ఊరివాళ్లకు తెలిసిన మనిషైతే గడప గడపకూ వెళ్లగలదు, తల్లులు నోరు విప్పి మాట్లాడతారు. ఈ ఆలోచనలో తప్పు లేదు, ఇప్పటికీ అంగన్‌వాడీకి అదే బలం. కానీ దాంతోపాటే ఇంకో నిర్ణయం కూడా జరిగిపోయింది. ఆమె ఉద్యోగి కాదు, గౌరవ కార్యకర్త. ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఊరూరా ప్రభుత్వ ఉద్యోగిని పెట్టాలంటే ఖజానా తట్టుకోదన్న లెక్క దీని వెనక ఉందనే నేననుకుంటాను.

అప్పట్లో మెట్రిక్ పాసైన కార్యకర్తకు (ఇప్పుడు మనం టీచర్ అనేది ఈమెనే) నెలకు 150 రూపాయలు, పాస్ కానివారికి 100, ఆయాకు 35 ఇచ్చేవారు. తర్వాత పెరుగుతూ వచ్చింది. కేంద్రం 2018 అక్టోబర్ నుంచి కార్యకర్తకు 4,500, ఆయాకు 2,250 చేసింది. దానికి రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. ఈ అంకెలు అందరూ చెప్పేవే. వీటి మధ్యలో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న అంకె ఉంది. 2002 నాటి కేంద్రం రేట్లలో మెట్రిక్ పాసైన కార్యకర్తకు 1,000 రూపాయలు. ఆమెకు అయిదేళ్ల అనుభవం ఉంటే 1,031. పదేళ్లుంటే 1,063. పదేళ్లు పిల్లల్ని పెంచిన అనుభవానికి ప్రభుత్వం కట్టిన విలువ నెలకు 63 రూపాయలు. ఆయాకు అదీ లేదు. కొత్తగా చేరినామెకూ పాతామెకూ ఒకటే రేటు. అనుభవాన్ని ఎలా లెక్కగట్టారో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

శిక్షణ వచ్చింది, పని పెరిగింది

శిక్షణే లేదనడం అన్యాయం. 1966లో ఏర్పాటైన జాతీయ ప్రజా సహకార, శిశు అభివృద్ధి సంస్థ, అంటే నిప్సిడ్, ఐసీడీఎస్ శిక్షణ వ్యవస్థనంతా చూసుకునేది. సూపర్‌వైజర్లకు మధ్యస్థాయి కేంద్రాలు, కార్యకర్తలకు అంగన్‌వాడీ శిక్షణ కేంద్రాలు ఉండేవి. తొలినాళ్లలో నెలల తరబడి సాగిన కార్యకర్త శిక్షణ పథకం విస్తరిస్తున్న కొద్దీ కుదించుకుపోయి, చివరికి 26 పని దినాలకు వచ్చింది. రెండేళ్లకోసారి అయిదు రోజుల రిఫ్రెషర్. ఆయాకు చేరినప్పుడు అయిదు రోజులు, తర్వాత మళ్లీ అయిదు రోజులు. అంతే.

ఆ తర్వాత వచ్చిన ప్రతి శిక్షణా ఒక కొత్త పనిని వెంటబెట్టుకుని వచ్చింది. 2012 తర్వాత సమాచార విధానం మార్చి 11 రిజిస్టర్లు చేతికిచ్చారు. 2018లో పౌష్టికాహార కార్యక్రమం పోషణ్ అభియాన్ మొదలయ్యాక 21 శిక్షణ మాడ్యూళ్లు వచ్చాయి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఇంటికెళ్లి ఎలా చూడాలి, ఆరు నెలలు దాటాక పై ఆహారం ఎలా మొదలుపెట్టించాలి, ఇలా నెలకొక పాఠం. నిజంగా పనికొచ్చే పాఠాలవి. 2021లో వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, ఫోన్ నేర్చుకోవాల్సి వచ్చింది. నెట్ లేని ఊళ్లో ఫోటో అప్‌లోడ్ కాకపోతే ఎంత టెన్షనో వాళ్లనడిగితే చెబుతారు. 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతోపాటు చదువూ) ప్రకటించి, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆధారశిల, మూడేళ్లలోపు వారికి నవచేతన అనే పాఠ్యప్రణాళికలు తెచ్చారు. కార్యకర్తలకు మూడు రోజుల శిక్షణ.

చూడండి, ఒకే మనిషి పౌష్టికాహార సలహాదారు, డేటా ఆపరేటర్, ప్రీస్కూల్ టీచర్ అయింది. మామూలు ఉద్యోగంలో ఇన్ని నేర్చుకుంటే ఎక్కడో ఒకచోట గ్రేడ్ మారుతుంది, సర్వీసు రికార్డులో ఎక్కుతుంది. ఇక్కడ సంతకం పెట్టి, భోజనం చేసి, కిట్ తీసుకుని ఇంటికి రావడమే.

ఆయా పరిస్థితి ఇంకా విచిత్రం. కాగితం మీద ఆమె పని ఊడవడం, వండటం, పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకురావడం. టీచర్ సెక్టార్ మీటింగ్‌కు వెళ్లిన రోజు ఏమవుతుందో చూడండి. తొమ్మిదింటికి తలుపు తీసేది ఆయా. ఏడ్చే పిల్లను చంకనేసుకుని, మిగతావాళ్ల చేత పాట పాడించేది ఆయా. పొయ్యి మీద పప్పు చూసుకుంటూనే గుడ్లు లెక్కపెట్టి, గర్భిణి వస్తే భోజనం పెట్టి పంపేదీ ఆమే. ఏ పిల్లాడు రెండు నెలలుగా సరిగ్గా తినట్లేదో రిజిస్టర్ చూడకుండా చెబుతుంది. యాప్‌లో లాగిన్ మాత్రం టీచర్ పేరు మీద ఉంటుంది. ఆ రోజు కేంద్రాన్ని ఆయా నడిపిందని ఎక్కడా నమోదు కాదు. నమోదు కాని అనుభవాన్ని రేపు పదోన్నతి వేళ ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

ఒకే వారంలో రెండు తీర్పులు

2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు నుంచి వారం తేడాతో వచ్చిన రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూడాలి. డిసెంబర్ 7న కర్ణాటక నుంచి వచ్చిన అమీర్‌బీ కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలవి సివిల్ పోస్టులు కావని కోర్టు తేల్చింది. అంటే సర్వీసు వివాదాలకు వాళ్లు పరిపాలనా ట్రిబ్యునల్ గడప తొక్కలేరు. డిసెంబర్ 13న ఆహార హక్కు కేసులో అదే సుప్రీంకోర్టు ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ అందాలని, దేశంలో కేంద్రాలు 14 లక్షలకు పెరగాలని ఆదేశించింది. పిల్లల వైపు నుంచి చూస్తే రెండోది గొప్ప తీర్పు. కానీ రెండూ కలిస్తే జరిగింది ఇది: కేంద్రాలు వేగంగా పెరిగాయి, వాటిలో పనిచేసేవాళ్లు మాత్రం ఉద్యోగులు కాకుండానే ఉండిపోయారు.

2013లో 45వ భారత కార్మిక సదస్సు పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే ఉంది. 2022 ఏప్రిల్ 25న కొంత గాలి మారింది. గుజరాత్ నుంచి వచ్చిన కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత పని చేయించుకుంటూ దీన్ని పార్ట్‌టైమ్ గౌరవ సేవ అనడం కుదరదని స్పష్టం చేసింది. 2024లో గుజరాత్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, వీళ్లను క్రమబద్ధీకరించే విధానం రూపొందించమని కేంద్రానికీ రాష్ట్రానికీ చెప్పింది.

సగం పోస్టులు మీవే అన్నారు, మరి లెక్క?

2022 ఆగస్టులో కేంద్రం సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాలు విడుదల చేసింది. టీచర్ పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవమున్న ఆయాలకు, సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవమున్న టీచర్లకు పదోన్నతి ద్వారా ఇవ్వాలని అందులో ఉంది, మిగతా అర్హతలు సరిపోతే. పదోన్నతికి దేశమంతటికీ ఒక వాటా రాసిపెట్టడం నిజంగా మంచి పని. అయితే లెక్క వేసి చూడాలి.

ఒక సూపర్‌వైజర్ కిందికి సుమారు 25 కేంద్రాలు వస్తాయి. అంటే 25 మంది టీచర్లకు ఒక సూపర్‌వైజర్ పోస్టు. అందులో సగమే పదోన్నతికి, అంటే 50 మందికి ఒకటి. ఆ ఒక్కదాంట్లో ఎవరైనా కూర్చుంటే వాళ్లు రిటైరయ్యేదాకా ఖాళీ ఉండదు. మిగతా 49 మందికి ఏ దారీ లేదు. రాష్ట్రం వాటా ఎంత పెంచినా ఈ ఇరుకు పోదు, ఎందుకంటే టీచర్‌కూ సూపర్‌వైజర్‌కూ మధ్య సీనియర్ టీచర్ లాంటి హోదా ఏదీ పెట్టలేదు. అందుకే ఉన్న కొద్ది పోస్టుల మీద అంత పోటీ, అంత అనుమానం. 2022లో ఆంధ్రప్రదేశ్ 560 గ్రేడ్-2 సూపర్‌వైజర్ పోస్టుల భర్తీకి దిగితే ఆ వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది.

ఆయాకు అడ్డుపడేది ఇంకో రకం. కార్యకర్త అదే ఊరి మనిషై ఉండాలన్న 1975 నాటి నియమం ఇప్పటికీ ఉంది. కాబట్టి ఆయా టీచర్ కావాలంటే ఆమె ఊళ్లోనే టీచర్ పోస్టు ఖాళీ కావాలి. తనతో రోజూ పనిచేసే టీచరమ్మ రిటైర్ అయితే తప్ప ఆమెకు అవకాశం లేదు. ఇద్దరిదీ ఒకే వయసైతే ఇక ఆశే లేదు. పక్క ఊళ్లో ఖాళీ ఉన్నా స్థానికత అడ్డొస్తుంది. దీనికి తోడు చదువు. చాలాచోట్ల టీచర్‌కు ఇప్పుడు ఇంటర్ అడుగుతున్నారు. ఏడో తరగతి, పదో తరగతితో చేరిన పాతతరం ఆయాలు ఓపెన్ స్కూల్లో చదువుకోవాలంటే ఫీజు, సెలవు, పరీక్షకు ముందు కాస్త తీరిక కావాలి. అవి ఇచ్చే ఏర్పాటు పథకంలో లేదు. వయసు మూడో అడ్డు.

2023 డిసెంబర్ 12 నుంచి 2024 జనవరి 22 దాకా, 42 రోజులు, ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మె చేశారు. అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రభుత్వం ప్రయోగించింది. అప్పటికి అక్కడ టీచర్‌కు 11,500, ఆయాకు 7,000. తెలంగాణలో 13,650, 7,800. టీవీల్లో ఈ తేడాయే కనిపించింది. కానీ డిమాండ్ల జాబితాలో గ్రాట్యుటీ, పదోన్నతులు కూడా ఉన్నాయి. చర్చల్లో ప్రభుత్వం ఒప్పుకున్నవాటిలో పదోన్నతి వయోపరిమితిని 45 నుంచి 50కి పెంచడం ఒకటి. బయటివాళ్లకు చిన్న విషయంగా అనిపించవచ్చు. 46 ఏళ్ల ఆయాకు మాత్రం అదే మిగిలిన ఒక్క అవకాశం. దాదాపు అదే కాలంలో తెలంగాణలో 3,989 మినీ అంగన్‌వాడీలను ప్రధాన కేంద్రాలుగా మార్చారు. అప్పటిదాకా ఆయా కూడా లేకుండా ఒంటరిగా నెట్టుకొచ్చిన మినీ టీచర్లకు అది నిజమైన ఎదుగుదలే.

కాగితం మీది కొత్త మాట

2020 జాతీయ విద్యా విధానం ఇంటర్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. చాలావరకు ఫోన్ ద్వారా, టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు. ఆ పత్రంలో ఇంకో ముఖ్యమైన వాక్యం ఉంది: శిశు విద్యకు అర్హతగల కేడర్‌ను రాష్ట్రాలు తయారుచేయాలని, శిక్షణతోపాటు వాళ్ల కెరీర్ ఎలా సాగాలో కూడా నిర్ణయించాలని. శిక్షణను, ఎదుగుదలను ఒకే వాక్యంలో కలిపి చెప్పిన ప్రభుత్వ పత్రాలు అరుదు. అయితే ఆయా గురించి అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు.

ఆశా కార్యకర్తల విషయంలో ఒక మేలైన ఉదాహరణ ఉంది. వాళ్ల నైపుణ్యాలకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు జరిగింది. కొన్ని రాష్ట్రాలు ఏఎన్ఎం (పల్లెల్లో పనిచేసే ఆరోగ్య నర్సు) కోర్సు ప్రవేశాల్లో వాళ్లకు ప్రాధాన్యం ఇచ్చాయి. ఆ పద్ధతి లోపాలు ఆ పద్ధతికున్నాయి. అయినా అనుభవాన్ని చదువుగా, చదువును కొత్త ఉద్యోగంగా మార్చే దారి ఒకటుందని అది చూపింది. అంగన్‌వాడీ డిప్లొమాకు ఇప్పటికీ అలాంటి దారి లేదు. డిప్లొమా చేతికొస్తే గౌరవ వేతనం పెరుగుతుందా, ప్రాథమిక పాఠశాలలోని ప్రీస్కూల్ పోస్టుకు అర్హత వస్తుందా, సూపర్‌వైజర్ ఎంపికలో మార్కులు కలుస్తాయా అని అడిగితే, చూపించడానికి సర్వీసు నిబంధనంటూ ఒకటుండాలి.

ఆ నిబంధన రాయాల్సిన సమయం ఇదే. 1990ల్లో, 2006 తర్వాతి విస్తరణలో చేరినవారు ఏటా రిటైరవుతున్నారు. తెలుగు రాష్ట్రాల్లోని 90 వేలకు పైగా కేంద్రాల్లో టీచర్ ఖాళీలు వరసగా వస్తున్నాయి. ఒక్కో ఖాళీని కొత్త నోటిఫికేషన్‌తో నింపుతారా, ముందు ఆ కేంద్రంలోని ఆయాను, ఆమె లేకపోతే పక్క ఊరి ఆయాను అడుగుతారా అన్నది జిల్లా స్థాయిలో, ఏ హడావుడీ లేకుండా, ఒక్కో ఫైలు మీద తేలిపోతోంది.