సైనిక వాహనాల నమూనాలకు సరైన రంగు ఏది?

చెన్నై శివారు ఆవడిలోని భారీ వాహనాల కర్మాగారం నుంచి తొలి విజయంత ట్యాంకు 1965లో బయటికి వచ్చింది. అదే ట్యాంకును 1/35 స్కేలులో ప్లాస్టిక్ ముక్కలతో కూర్చి, మన సైన్యపు ఆలివ్ గ్రీన్ వేయడానికి కూర్చునే ఇక్కడి తెలుగు మిత్రుల మధ్య ఒక చర్చ తరచుగా తలెత్తుతుంది: అసలు ట్యాంకు రంగుకు అచ్చంగా సరిపోయేది ఏ సీసాలో దొరుకుతుంది? ప్రశ్న న్యాయమైనదే. అయితే కర్మాగారంలో వాడిన రంగునే కాస్త సంపాదించి నమూనాకు పూసినా, గదిలో బల్ల మీద అది ఎండలో నిలిచిన ట్యాంకులా కనిపించదు. దానికి కారణాలు కొంత భౌతికశాస్త్రంలో, కొంత మన కంటి పనితీరులో ఉన్నాయి. అవి తెలిస్తే రంగును ఎంచుకునే పద్ధతే మారుతుంది.

ముందుగా ప్రమాణాల సంగతి చూద్దాం. మన దేశంలో పెయింట్ల రంగులకు ఐఎస్ 5 అనే ప్రమాణం ఉంది. అందులో ఆలివ్ గ్రీన్ సంఖ్య 220. ఈ రంగును చట్టం కూడా ప్రత్యేకంగా చూస్తుంది: 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే మోటారు వాహనానికీ దీన్ని వేయకూడదు. జర్మనీలో ఆర్ఏఎల్ సంస్థ 1927లోనే 40 రంగులతో ఒక పట్టికను వెలువరించింది. అమెరికావారి ఫెడరల్ స్టాండర్డ్ 595 మాత్రం 1956లో వచ్చింది. మోడలర్లు (నమూనాలు తయారుచేసేవారు) అమెరికా సైన్యపు ఆలివ్ డ్రాబ్ రంగుకు చెప్పుకునే 34087 అనే సంఖ్య ఆ పట్టికలోదే: మొదటి అంకె మెరుపును సూచిస్తుంది, 3 అంటే మెరుపు లేనిది, రెండో అంకె రంగు కుటుంబాన్ని సూచిస్తుంది, 4 అంటే ఆకుపచ్చ. ఆ పట్టిక వచ్చిందే 1956లో కాబట్టి, 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన అమెరికా షెర్మన్ ట్యాంకుకు ఈ సంఖ్యను ఆపాదించడం తరువాతి తరం చేసిన పోలికే తప్ప, ఆనాటి రికార్డు కాదు.

రికార్డు స్పష్టంగా ఉన్న చోట కూడా వాహనం మీద ఉన్న రంగు దాన్ని తు.చ. తప్పకుండా అనుసరించలేదు. జర్మన్ సైన్యం 1943 ఫిబ్రవరిలో తన వాహనాల మూలరంగును ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మార్చి, దాని మీద మరకలుగా వేసుకునేందుకు ఎరుపు గోధుమ, ఆలివ్ ఆకుపచ్చ రంగులను ముద్ద రూపంలో దళాలకు పంపింది. ఆ ముద్దను దళాలు పెట్రోలు దొరికిన చోట పెట్రోలుతోను, లేని చోట నీళ్లతోను పలచన చేసుకున్నాయి. పలచన ఎంత చేశారు, ఏ పరికరంతో చల్లారు అనే దాన్ని బట్టి ఒకే ముద్ద నుంచి రకరకాల ఛాయలు వచ్చాయి. ఆ తరువాత ఎండ తన పని చేసింది: అతినీలలోహిత కిరణాలు పైపొరలో రంగును పట్టి ఉంచే బైండర్‌ను ఛిద్రం చేస్తే వర్ణక రేణువులు పొడిలా పైకి తేలి, రంగు సుద్ద పూసినట్టు పాలిపోతుంది.

ఆ కాలపు సాక్ష్యాలను కూడా జాగ్రత్తగా చదవాలి. ఎరుపును గ్రహించలేని ఆర్థోక్రొమాటిక్ అనే నలుపు తెలుపు ఫిల్ము మీద ఎరుపు గోధుమ మరక ఉన్నదానికంటే ముదురుగా పడుతుంది. అన్ని రంగులనూ గ్రహించే పాంక్రొమాటిక్ నలుపు తెలుపు ఫిల్ము మీద అదే మరక పక్కనున్న ఆకుపచ్చతో కలిసిపోవచ్చు. పీఠాల మీద ప్రదర్శనకు నిలిపిన ట్యాంకులకు కొన్నేళ్లకొకసారి కొత్త రంగు పడుతూనే ఉంటుంది కనుక వాటి పైపూతను సాక్ష్యంగా తీసుకోలేము. రంగుల తేడాను అంకెల్లో కొలిచే సీఐఈ (అంతర్జాతీయ వెలుతురు ప్రమాణాల సంస్థ) పద్ధతిలో, పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కంటికి తెలిసే కనీస భేదం ఒకటి రెండు యూనిట్లు ఉంటుంది. ఒకే దళంలోని రెండు ట్యాంకుల మధ్య అంతకు మించిన తేడా ఉండేదని నమ్మడానికి పైన చెప్పిన కారణాలే చాలు. అందువల్ల ఏకైక ఛాయ కోసం వెతకడం కంటే ఒక పరిధిని గుర్తించి, అందులో నిలవడం శాస్త్రీయమైన పని అని నేను భావిస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నమూనా చిన్నది కనుక రంగును కొంత లేతగా చేయాలన్నది మోడలర్లలో పాతుకుపోయిన సంప్రదాయం. 1/48 స్కేలుకు పది శాతం తెలుపు, 1/72 స్కేలుకు పదిహేను శాతం తెలుపు కలపాలని సూత్రాలు కూడా చెబుతారు. దూరపు కొండలు నీలంగా, పాలిపోయి కనిపించినట్టే మధ్యలోని గాలి రంగును లేతపరుస్తుందని దీనికి చెప్పే కారణం. లెక్క వేసి చూస్తే ఈ వివరణ నిలవదు. 1/35 స్కేలు నమూనాను అర మీటరు దూరం నుంచి చూడడమంటే అసలు ట్యాంకును పదిహేడున్నర మీటర్ల దూరం నుంచి చూడడమే. పది కిలోమీటర్ల దాకా చూపు ఆనే రోజున, పదిహేడున్నర మీటర్ల గాలి తన వంతుగా కలిపే చెదిరిన వెలుతురు ఒక శాతం కూడా ఉండదు. ముదురు ఆకుపచ్చ మీద అది అంతంతమాత్రంగా తెలుస్తుందేమో గాని, పది పదిహేను శాతం తెలుపును సమర్థించేంత మార్పు తీసుకురాదు.

అయినా సంప్రదాయంలో నిజం లేకపోలేదు. దాని కారణం వేరే చోట ఉంది. చెన్నై మధ్యాహ్నపు ఎండలో నేల మీద పడే వెలుతురు దాదాపు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) ఉంటుంది. ఇంటి గదిలో అది రెండు మూడు వందల లక్స్ దాటడం అరుదు. కన్ను రెండింటికీ సర్దుకుంటుంది, కాని పూర్తిగా కాదు. వెలుతురు తగ్గేకొద్దీ రంగుల గాఢత కూడా తగ్గినట్టు కనిపిస్తుందని రంగుల శాస్త్రవేత్త ఆర్. డబ్ల్యూ. జి. హంట్ 1952లో చూపించాడు. వెలుగునీడల మధ్య అంతరం కూడా తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్స్ పరిశోధనలు తెలిపాయి. ఎండలో నిండుగా కనిపించే ఆలివ్ రంగు గదిలోకి వచ్చేసరికి నల్లగా, మందకొడిగా మారడం ఇందువల్లనే. పైగా బయట ఆకాశమంతా ఒక దీపంలా పైభాగాలను వెలిగిస్తుంటే, నేల నుంచి తిరిగి వచ్చే వెలుతురు కింది భాగాలను నింపుతుంది. గదిలో ఒక మూల నుంచి ఒకే దీపం వెలుగుతుంది.

ఇక్కడొక ముఖ్యమైన పర్యవసానం ఉంది. గదిలో ఎలాగూ తగ్గిపోయే గాఢతను తెలుపు కలిపి మరింత తగ్గించడం సరైన మందు కాదు. లేతపరచాలి, కాని గాఢతను కాపాడాలి. అందుకే ఆలివ్ రంగుకు శుద్ధమైన తెలుపు కంటే లేత పసుపు గోధుమ ఛాయను కలపడం మేలు. అమెరికా సైన్యపు ఆలివ్ డ్రాబ్ నిర్మాణం కూడా ఈ పద్ధతికి అనుకూలంగానే ఉంది: పసుపుపచ్చని ఓకర్ అనే మట్టి వర్ణకంలో నలుపు కలిపితే వచ్చిన రంగు అది, కంటికి ఆకుపచ్చగా తోస్తుంది. నలుపు వంతు తగ్గించినట్టు ఓకర్ వైపు జరిపితే ఆ రంగు తన స్వభావాన్ని కోల్పోకుండా తేటపడుతుంది.

మెరుపు సంగతిని చాలామంది చివరి పూతకు వదిలేస్తారు. ముదురు రంగుల్లో అది మూలరంగంత ముఖ్యం. పెయింటు పొర మీద నేరుగా పడిన వెలుతురులో సుమారు నాలుగు శాతం లోపలికి వెళ్లకుండా ఉపరితలం నుంచే తిరిగి వస్తుంది, దానికి వర్ణకపు రంగు అంటదు. నునుపైన పూత ఆ నాలుగు శాతాన్ని ఒకే దిశలో పంపుతుంది కనుక తక్కిన కోణాల నుంచి రంగు గాఢంగా ఉంటుంది. మెరుపు లేని పూత దాన్ని అన్ని దిశలకూ చెదరగొట్టి రంగు మీద తెల్లని ముసుగులా పరుస్తుంది. ఆలివ్ డ్రాబ్ తన లోపలి నుంచి తిప్పి పంపే వెలుతురే పది శాతానికి లోపు కాబట్టి, ఈ నాలుగు శాతం చిన్న విషయం కాదు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో చెన్నైలో దీనికి తేమ తోడవుతుంది: ఎయిర్‌బ్రష్‌తో చల్లిన లాకర్ పెయింటు నుంచి, దాన్ని పలచన చేసిన థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే, గాలిలోని నీరు దాని మీద చేరి పూత పాలలా తెల్లబారుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

చివరి సమస్య దీపానిది. ఒక వెలుతురులో ఒకటిగా కనిపించిన రెండు రంగులు మరొక వెలుతురులో విడిపోవచ్చు, టి.నగర్ దుకాణంలో చీరను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూసుకునే వారికి ఇది కొత్త విషయం కాదు. ఓకర్, నలుపు కలిసిన రంగును థాలోసయనిన్ ఆకుపచ్చ వంటి వేరే వర్ణకాలతో అనుకరించినప్పుడు, పగటి వెలుతురులో కుదిరిన పోలిక ఎల్ఈడీ కింద చెదరవచ్చు, ఎందుకంటే తెల్లని ఎల్ఈడీ వెలుతురులో నీలం శిఖరంలా ఉండి, దాని పక్కనే నీలి ఆకుపచ్చ ప్రాంతం లోయలా పడిపోతుంది. కాబట్టి రంగు పట్టికను పగటి వెలుతురులో సరిచూసినా, తుది నిర్ణయం మాత్రం నమూనా నిలవబోయే దీపం కిందనే జరగాలి. పాత ప్లాస్టిక్ ముక్కలకు నమూనాకు వేసిన ప్రైమరే వేసి, మూలరంగును రెండు మూడు మెట్లుగా లేతపరిచి పూసి, మెరుపు లేని వార్నిష్‌తో సహా పూర్తిగా ఆరనివ్వాలి. వాటిని అర మీటరు దూరంలో, పక్కన రాబోయే గోధుమ మరక రంగుతో కలిపి నిలబెట్టి, ఎండలో తీసిన అసలు వాహనపు ఛాయాచిత్రాలతో పోల్చి, ఏ మెట్టు దగ్గరగా ఉంటే దాన్నే నమూనాకు వేయాలి.