ఊరు కదిలి వచ్చిన ఇళ్ళు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన బాలబాలికలకు,

ఆశీస్సులు. ఈ సెలవుల్లో మీలో కొందరు చెన్నై వెళుతున్నారనీ, ముట్టుకాడు దగ్గరున్న దక్షిణచిత్ర అనే ఆరుబయలు మ్యూజియం చూడాలనుకుంటున్నారనీ తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్కడ ప్రదర్శనకు ఉంచినవి ముఖ్యంగా ఇళ్ళు. ఒకప్పుడు మనుషులు వండుకుని తిని, పనులు చేసుకుని, పిల్లలను పెంచుకున్న పల్లెటూరి ఇళ్ళను విప్పి తెచ్చి ఆరుబయట మళ్ళీ నిలబెట్టారు. ఒక ఇంటిని అలా తరలించడం ఎంత పనో, తరలించాక దాన్ని కాపాడుకోవడం అంతకంటే ఎంత పెద్ద పనో ముందే తెలుసుకుని వెళితే, ఆ గుమ్మాల ముందు మీరు మరికాస్త సేపు నిలబడతారని నా ఆశ.

ఈ ఆలోచన మొదట బలంగా రూపుకట్టింది స్వీడన్ దేశంలో. ఫ్యాక్టరీలు వచ్చి జనం పట్నాలకు తరలిపోతున్న ఆ కాలంలో పల్లెల రూపురేఖలు కళ్ళముందే మారిపోతుంటే, ఆర్తుర్ హాజేలియస్ అనే ఆయన దేశం నలుమూలల నుంచి పాత ఇళ్ళను సేకరించి, 1891లో స్టాక్‌హోమ్ నగరంలో స్కాన్సెన్ పేరుతో ఆరుబయలు మ్యూజియం తెరిచారు. ఇళ్ళను ఖాళీగా ఉంచకుండా, వాటిలో ఆయా ప్రాంతాల దుస్తులు ధరించిన మనుషులు ఆయా పనులు చేస్తూ కనిపించేలా ఏర్పాటు చేశారు. మన దేశంలో భోపాల్‌లోని శ్యామలా హిల్స్ మీద ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం సుమారు 200 ఎకరాలలో ఉంది. అక్కడి గిరిజన నివాసాలను చాలావరకు ఆయా తెగలవారే వచ్చి తమ పద్ధతిలో కట్టారు. దక్షిణచిత్రకు పునాది డెబోరా త్యాగరాజన్ గారు 1984లో నెలకొల్పిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్. అమెరికాలో పుట్టి చెన్నైలో స్థిరపడిన ఆమె పూనికతో, కేరళలో తక్కువ ఖర్చు ఇళ్ళకు పేరుపొందిన వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రణాళికతో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన పది ఎకరాల చోటులో అది 1996 డిసెంబరులో ప్రజలకు తెరుచుకుంది. తమిళనాడు, కేరళ, కర్ణాటకలతో పాటు మన తెలుగు నేల ఇళ్ళు కూడా అక్కడ ఉన్నాయి.

ఇల్లు తరలించడం ఎలాగో చెబుతాను. సాధారణంగా, యజమాని ఇక పడగొట్టేద్దామని నిశ్చయించుకున్న ఇంటినే ఎంచుకుంటారు. ముందుగా గది గదినీ కొలిచి పటం గీస్తారు, ఫోటోలు తీస్తారు, ఏ గదిలో ఎవరు పడుకునేవారో, ధాన్యం ఎక్కడ పోసేవారో ఇంటివారినే అడిగి రాసుకుంటారు. తరువాత ప్రతి దూలానికీ, వాసానికీ, స్తంభానికీ, తలుపు రెక్కకూ ఒక అంకె వేస్తారు. విప్పడం పైనుంచి మొదలవుతుంది: పెంకులు, వాసాలు, దూలాలు, స్తంభాలు, చివరికి గుమ్మాలు. పాతకాలపు వడ్రంగులు చాలాచోట్ల మేకులు వాడలేదు. ఒక కొయ్య చివరను సన్నగా చెక్కి, మరో కొయ్యకు తొలిచిన రంధ్రంలో బిగించారు. అందువల్లనే వాటిని విరగకుండా ఊడదీయడం వీలవుతుంది, అయితే ఏ చివర ఏ రంధ్రానిదో తెలియకపోతే వందల కొయ్యల కుప్ప మిగులుతుందే తప్ప ఇల్లు తిరిగి లేవదు. ఆ అంకెల విలువ అది. లారీల మీద వచ్చిన కొయ్యను శుభ్రంచేసి, చెదపట్టకుండా మందు పూసి, ఈసారి కిందినుంచి పైకి కూర్చుతారు.

మట్టి గోడ మాత్రం ప్రయాణం చేయదు. విప్పితే అది మట్టే. కాబట్టి మట్టి ఇళ్ళ విషయంలో గోడను కొత్తగా పెట్టవలసిందే, అందుకు ఆ విద్య చేతిలో ఉన్నవారు కావాలి.

దక్షిణచిత్రలో విశాఖపట్నం జిల్లా తీరప్రాంతపు చుట్టిల్లును, అంటే గుండ్రని మట్టి ఇంటిని, చూసేటప్పుడు దీనిని గుర్తుంచుకోండి. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఒకప్పుడు ఇవి బారులుగా ఉండేవి. మట్టిని నీళ్ళతో నానబెట్టి, వరిగడ్డి ముక్కలు కలిపి, కాళ్ళతో బాగా తొక్కి, ముద్దలు చేసి గుండ్రంగా ఒక వరుస పెడతారు. అది గట్టిపడ్డాక దానిమీద మరో వరుస. తొందరపడి తడి వరుస మీద తడి వరుస పెడితే గోడ కిందినుంచి ఉబ్బి కూలుతుంది. గుండ్రని గోడకు గాలికి ఎదురొడ్డే వెడల్పాటి ముఖం లేదు కనుక తుఫాను గాలి దాని చుట్టూ జారిపోతుంది. తాటాకు కప్పు చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే పెద్దవాళ్ళు వంగి లోపలికి వెళ్ళాలి. ఆ వంగడం వెనుక లెక్క ఉంది: వాన గోడను తాకకూడదు, గాలి కప్పు కిందికి దూరి దానిని లేపకూడదు. గదిపైన కొయ్యలు పరిచి మందంగా మట్టి మెత్తిన అటక ఉన్న ఇళ్ళలో ఎండవేడి కిందికి దిగదు, కప్పు నిప్పంటుకున్నా లోపలి సామాను దక్కే అవకాశం ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కని మనుషులు కొన్ని తరాలపాటు తుఫానులు చూసి నేర్చుకున్నది ఇదంతా. నాకు ఆ చుట్టిల్లు ముందు నిలబడితే ఏ కోటనూ చూసినప్పుడు కలగని గౌరవం కలుగుతుంది.

నల్లగొండ ప్రాంతపు నేత ఇల్లు వేరే రకం. అక్కడ ఇల్లే కార్ఖానా. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి ఊళ్ళలో నూలును నేయకముందే, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి మరో రంగులో ముంచుతారు. మగ్గానికి ఒక చోటు, రాట్నానికి ఒక చోటు, ఆసు పోయడానికి ఒక చోటు కావాలి కనుక గదుల అమరిక ఆ పనిని బట్టే ఉంటుంది. ఆసు పోయడమంటే అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ వేల సార్లు తిప్పడం. ఇంట్లో ఆడవాళ్ళు ఆ పనితో భుజాలు పోగొట్టుకునేవారు. తల్లి పడే ఆ నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేత ఇంట్లోకి వెళ్ళినప్పుడు చీర అందంతో పాటు ఆ భుజాన్ని కూడా తలుచుకోండి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. మనుషులు ఉన్నంతకాలం ఇల్లు తనకు తెలియకుండానే కాపాడబడుతుంది. పొయ్యి పొగ తాటాకులోకి ఎక్కి పురుగులను తరుముతుంది. పండుగ వస్తోందని అలికినప్పుడు గోడ పగుళ్ళు పూడుకుంటాయి. రోజూ ఊడ్చేవారికి చెదపుట్ట మొదలైన రోజే కంటపడుతుంది. చూరు జారిన చోట ఇంటాయన వానకు ముందే నాలుగు ఆకులు దోపుతాడు. కాపురం లేని ఇంట్లో ఈ పనులన్నీ ఆగిపోతాయి. అందుకే ఇటువంటి మ్యూజియంలో పనివారు చేసేది, ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ ఇంట్లో లేని కుటుంబం చేయవలసిన చాకిరీ. కొన్నేళ్ళకొకసారి కప్పు మార్చాలి. ముట్టుకాడు సముద్రానికి ఎదురుగా ఉంది. ఆ ఉప్పుగాలికి ఇనుప గొళ్ళేలు తుప్పుపడతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానకు మట్టి గోడ ఒరుసుకుపోతుంది. మీరు వెళ్ళినరోజు ఎవరైనా నిచ్చెన మీద నిలబడి ఆకు కడుతుంటే, పేడతో అరుగు అలుకుతుంటే, బొమ్మలు చూడటం ఆపి అది చూడండి. కుండలు చేసేవారి దగ్గర, బుట్టలు అల్లేవారి దగ్గర కూర్చోండి. కుమ్మరి సారె మీద మట్టిని నడిమధ్యన నిలపడానికే ఎన్నేళ్ళు పట్టిందో వారినే అడగండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. అక్కడి పెద్ద ఇళ్ళలోని టేకు స్తంభాలు, నునుపైన గచ్చు చూసి పాతకాలమంతా అలాగే ఉండేదనుకోవద్దు. గట్టి కొయ్యతో కట్టిన ఇల్లు వందేళ్ళు నిలుస్తుంది. కూలివాడి గుడిసె రెండు వానాకాలాలకే కుంగిపోతుంది, కాబట్టి మ్యూజియానికి చేరేదాకా మిగలదు. వీధులు కులాలవారీగా ఉండేవి, ఆ స్తంభాలు మోసిన వారిలో చాలామందికి ఆ గడప దాటే వీలు ఉండేది కాదు. ఏ ఇల్లు మిగిలిందో చూసేటప్పుడు ఏ ఇల్లు మిగలలేదో కూడా అక్కడున్నవారిని అడగండి. మంచి మ్యూజియం ఆ ప్రశ్నను ఇష్టపడుతుంది.

తిరిగి వచ్చాక మీకొక పని. మీ ఊళ్ళో ఏదైనా పెంకుటిల్లు విప్పుతున్నారని తెలిస్తే, ఇంటివారి అనుమతి తీసుకుని ఒక నోటు పుస్తకం, కొలత టేపు పట్టుకుని వెళ్ళండి. గదుల కొలతలు రాసుకోండి, గోడ మందం చూడండి, కొయ్య ఏ చెట్టుదో వడ్రంగిని అడగండి, దీపం గూడు ఏ గోడకు ఉందో గీయండి. ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడ ఎవరో కనుక్కుని, వంట ఎక్కడ చేసేవారో, పురుడు ఏ గదిలో పోసేవారో ఆమె మాటల్లోనే రాసుకోండి. రాసినదాని కింద తేదీ, ఊరి పేరు మరిచిపోవద్దు. తీరిక ఉంటే నాకొక నకలు పంపండి.

ఇట్లు,
మీ క్షేమం కోరే
తాతయ్య