మందలో ఎవరి ప్రాణం వాళ్లదే

జంతువుల ప్రవర్తన మీద పని చేస్తానని చెప్పగానే ఎవరో ఒకరు "వాటికున్న ఐకమత్యం మనకెక్కడిది సార్!" అని నిట్టూరుస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఐకమత్యమే మహాబలం అని చిన్నప్పుడే నూరిపోశారు కదా. మందను గంటల తరబడి చూస్తూ కూర్చున్నవాళ్లకు కనిపించేది మాత్రం వేరు.

అపోహ: ఒకదాన్నొకటి కాపాడుకోవడానికే జంతువులు గుంపు కడతాయి.

వాస్తవం: చాలాసార్లు పక్కదాన్ని అడ్డం పెట్టుకోవడానికి కడతాయి. బ్రిటన్ జీవశాస్త్రవేత్త డబ్ల్యూ.డి. హామిల్టన్ 1971లో దీన్ని ఒక ఊహతో వివరించాడు. గుండ్రటి చెరువు, గట్టు వెంట కప్పలు, నీళ్లలో పాము. పాము ఎక్కడ పైకి తేలితే అక్కడికి దగ్గర్లో ఉన్న కప్పే దాని వాత పడుతుంది. అందుకని ప్రతి కప్పా రెండు కప్పల మధ్య సందు చూసుకుని అందులోకి గెంతుతుంది. పక్కవీ అదే పని చేస్తాయి. కాసేపటికి గట్టు మీద కప్పలు కుప్పలు కుప్పలుగా చేరతాయి. ఏ కప్పా ఇంకోదాని మేలు కోరలేదు, అయినా గుంపు తయారైంది. దీన్నే మేం ‘స్వార్థపు మంద’ అంటాం. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో గొర్రెలకు జీపీఎస్ కట్టి, మందను తోలే కుక్కను వాటి మీదికి పంపారు. గొర్రెలన్నీ మంద నడిమధ్యకే దారి తీశాయి.

నిజంగా కలిసి పోరాడేవి లేవా? ఉన్నాయి. తోడేళ్లు వస్తే మస్క్ ఆక్స్‌లు (ఆర్కిటిక్ మంచు ప్రాంతంలో ఉండే, ఒళ్లంతా జూలున్న పెద్ద పశువులు) దూడలను వెనక పెట్టుకుని, కొమ్ములు బయటికి చూపిస్తూ వలయం కడతాయి. అలాంటివి కొన్నే, టీవీలో ఎక్కువగా చూపించేది వాటినే.

అపోహ: పెద్ద గుంపు దూరం నుంచే కనబడుతుంది, వేటగాడికి పండగే.

వాస్తవం: కనబడటం వేరు, దొరకడం వేరు. శిక్షణ ఇచ్చిన గాస్‌హాక్ డేగను ఉడ్ పిజియన్ పావురాల మీదికి వదిలిన ప్రయోగ ఫలితాలు 1978లో వచ్చాయి. ఒంటరి పావురం మీద దాడి పదింట దాదాపు ఎనిమిదిసార్లు ఫలించింది. 50కి మించిన గుంపు మీద పదింట ఒక్కసారి కూడా ఫలించలేదు. అన్ని కళ్లలో ఏదో ఒకటి డేగను ముందే పసిగడుతుంది, గుంపంతా లేచిపోతుంది. మాటిమాటికీ తలెత్తి చూడాల్సిన పని తగ్గుతుంది కాబట్టి ఒక్కోదానికి మేతకు ఎక్కువ సమయం దొరుకుతుంది కూడా.

ఇక చేపల సంగతి. వెండి రంగు చిన్న చేపల గుంపులో దేన్ని పట్టాలో తేల్చుకోలేక బాస్ చేప తికమకపడుతుంది. అదే గుంపులో ఒకటి రెండు చేపలకు నీలం రంగు వేసి కలిపితే ఆ తికమక తగ్గి, వేట సులువవుతుంది. గుంపులో దాక్కోవాలంటే పక్కదానిలాగే ఉండాలి. గుర్తుపట్టడానికని జంతువులకు రంగులు పూసే మాలాంటివాళ్లు ఈ ప్రయోగాన్ని మరిచిపోకూడదు.

అపోహ: కాపలా కాసే మీర్‌క్యాట్ (గుంపుగా బతికే ముంగిస జాతి చిన్న జంతువు) త్యాగమూర్తి.

వాస్తవం: కడుపు నిండాకే అది కాపలా ఎక్కుతుంది. ఆఫ్రికాలోని కలహరి ఎడారిలో వాటికి అదనంగా మేత పెట్టి చూస్తే ఇంకా ఎక్కువసేపు కాపలా కాశాయి. పైగా శత్రువును ముందు చూసేదీ అదే, బొరియ దగ్గరుండేదీ అదే.

గుంపు వల్ల లాభమే తప్ప నష్టం లేదనుకోవడం కూడా అపోహే. మేతకు పోటీ ఉంటుంది. క్లిఫ్ స్వాలో పిట్టల గూళ్లు ఎంత ఎక్కువగా ఒకచోట ఉంటే రక్తం పీల్చే నల్లుల బాధ అంత ఎక్కువ, దానికి పిల్లలు బలవుతాయి. హంప్‌బ్యాక్ తిమింగలాలైతే చేపలు గుంపు కట్టే అలవాటునే వాడుకుంటాయి. హెర్రింగ్ చేపల చుట్టూ నీటిలో బుడగలు వదులుతూ వల పన్నుతాయి. చెదిరి పారిపోవాల్సిన చేప పక్కదాని వెనక దాక్కుందామని ఇంకా లోపలికి దూరుతుంది. కిందనుంచి తిమింగలం నోరు తెరుచుకుని వస్తుంది.