ఓడిపోయే ఆటలో టైమ్ నానబెట్టడం: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పన్నెండేళ్ళుగా పిల్లలకి చెస్ నేర్పుతున్నాను. సప్తగిరి సర్కిల్‌కి దగ్గర్లో మా ఇంటి మేడ మీద రోజూ సాయంత్రం క్లాసు. ఒకప్పుడు తల్లిదండ్రులు ఓపెనింగుల గురించో టోర్నమెంట్ల గురించో అడిగేవాళ్ళు. ఈ మూడు నాలుగేళ్ళుగా ఎక్కువగా వింటున్న మాట వేరు. "సార్, ఎదుటోడు ఓడిపోయేటప్పుడు ఎత్తు వేయకుండా ఊరికే కూర్చుంటాడంట. మా పిల్లోడు ఫోన్ విసిరి కొడుతున్నాడు."

దీన్నే ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళు స్టాలింగ్ అంటారు. ఓటమి ఖాయమని తెలిశాక రిజైన్ చేయరు, అంటే ఓటమి ఒప్పుకుని ఆట ముగించరు, ఎత్తూ వేయరు. గడియారంలో మిగిలిన టైమ్ అయిపోయేదాకా నానబెడతారు. దీని మీద పిల్లల్లోనే కాదు, పెద్దల్లోనూ తప్పుడు అభిప్రాయాలు పాతుకుపోయాయి. నా క్లాసులో రోజూ వినపడేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: నా గడియారంలో ఉన్న టైమ్ నాది. వాడుకోవడం, వదిలేయడం నా ఇష్టం.

వాస్తవం: పోయిన వేసవిలో నా కళ్ళ ముందు జరిగింది చెబుతాను. ఐదో తరగతి పిల్లవాడు. ఒక్కొక్కరికి పది నిమిషాలుండే ఆట. ఒక ఏనుగు, ఒక గుర్రం ఎక్కువున్నాయి, రెండెత్తుల్లో ఆటకట్టు. అవతలివాడి గడియారంలో ఇంకా 7 నిమిషాల 40 సెకన్లు ఉన్నాయి. అక్కడ ఆగిపోయింది ఆట. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కింద వాళ్ళమ్మ స్కూటీ హారన్ కొడుతోంది. "అమ్మా, అయిపోతాది, ఐదు నిమిషాలు" అని చెప్పడానికి వీడు ఫోన్ బెంచీ మీద పెట్టి కిందికి పోయాడు. ఆమె పైకొచ్చి ఫీజు సంగతి నాతో మాట్లాడుతుంటే వీడు పక్కన నిలబడ్డాడు. నేనూ గమనించలేదు. ముప్పై సెకన్లకే స్క్రీన్ ఆరిపోయింది. సరిగ్గా తన టైమ్ అయిపోబోతుండగా అవతలివాడు ఒక ఎత్తు వేశాడు. ఇక్కడ ఆడేవాడు లేడని తేలి, ఆట వదిలి వెళ్ళినట్టు లెక్కకట్టి ఓటమి ఇచ్చేశారు. గెలిచిన ఆట పోయింది. పిల్లవాడు ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

స్టాలింగ్ చేసేవాళ్ళకి కావలసింది ఇదే. గడియారంలో టైమ్ ఇచ్చింది ఆలోచించడానికి. ఎదుటివాడు విసిగిపోయి లేచిపోతాడేమో అని కూర్చోవడం ఆలోచన కాదు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమావళిలో 11.5 అని ఒక నియమం ఉంది. ఎదుటి ఆటగాడి ధ్యాస చెదరగొట్టడం, అతన్ని విసిగించడం ఏ రూపంలోనైనా నిషేధం అంటుంది. పదేపదే డ్రా అడగడం కూడా దానికిందికే వస్తుంది. ఆన్‌లైన్ సైట్లు ఇంకో అడుగు ముందుకేసి, కావాలని టైమ్ నానబెట్టడం తప్పు అని తమ నియమాల్లోనే రాసుకున్నాయి.

ఈ జబ్బు ఇంటర్నెట్‌తో పుట్టిందేం కాదు. 1851లో లండన్‌లో జరిగిన టోర్నమెంట్‌లో గడియారాలే లేవు. అక్కడ ఎలైజా విలియమ్స్ ఒక్కో ఎత్తుకి విపరీతమైన టైమ్ తీసుకుంటున్నాడని అతనితో ఆడిన హోవర్డ్ స్టాంటన్ ఎంతగానో గొణిగాడు. ఇట్లాంటి గొడవలు పడలేకే మొదట ఇసుక గడియారాలు వచ్చాయి, 1883 లండన్ టోర్నమెంట్‌కి జంట గడియారాలు వచ్చాయి. టైమ్ నానబెట్టకుండా ఆపడానికి పుట్టిన గడియారాన్నే ఇప్పుడు నానబెట్టడానికి వాడుతున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

మా ఊళ్ళో రచ్చబండ మీద పులిజూదం ఆడేటప్పుడు గడియారం ఎవరి దగ్గరా లేదు. అయినా ఓడిపోయేవాడు రాయి కదపకుండా కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. "ఎత్తన్నా వెయ్ప్పా, లేకుంటే లెయ్" అనేవాళ్ళు. ఫోన్‌లో ఆడేటప్పుడు ఆ మాట అనేవాళ్ళు లేరు.

అపోహ: ఓడిపోయే ఆటలో రిజైన్ చేయకపోవడం అమర్యాద.

వాస్తవం: కాదు. ఈ విషయంలో నేను గెలిచేవాళ్ళతోనే గొడవ పడతాను. "సార్, నాకు మంత్రి ఎక్కువుంది, అయినా వాడు రిజైన్ చేయడంలేదు, రిపోర్ట్ కొట్టనా?" అని అడుగుతారు. కొట్టొద్దు. రిజైన్ చేయడం ఆటగాడి హక్కు, బాధ్యత కాదు. ఎత్తులు వేస్తూ ఉన్నంతసేపు చివరి బంటు పోయేదాకా ఆడినా తప్పులేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఓడిపోయేవాడి వంతు వచ్చినప్పుడు కదలడానికి నియమబద్ధమైన ఎత్తు లేక, రాజుకి చెక్ కూడా లేకపోతే అది స్టేల్‌మేట్, ఆట డ్రా. మంత్రి ఎక్కువున్నవాళ్ళు స్టేల్‌మేట్ చేసుకుని తల పట్టుకోవడం నా క్లాసులో వారానికి రెండుసార్లైనా చూస్తాను.

పెద్ద ఆటల్లోనూ అంతే. 2025 జూన్ 1న నార్వే చెస్‌లో గుకేశ్ చాలాసేపు ఓడిపోయే స్థితిలోనే ఉన్నాడు. ఎదురుగా ప్రపంచ నంబర్ వన్ మాగ్నస్ కార్ల్‌సన్. గుకేశ్ రిజైన్ చేయలేదు, ఒక్కో ఎత్తు కష్టంగా ఉండేట్టు ఆడుతూ పోయాడు. టైమ్ తక్కువైపోయిన కార్ల్‌సన్ గుర్రంతో తప్పు ఎత్తు వేశాడు, ఆట పోయింది, బల్ల గుద్దాడు. గుకేశ్ చేసింది పోరాటం. అది బోర్డు మీద జరిగింది. స్టాలింగ్‌లో బోర్డు మీద జరిగేది ఏమీ ఉండదు. నేను పిల్లలకి ఈ తేడా ఒక్కటే నూరిపోస్తాను. కొత్తగా నేర్చుకునే పిల్లలకైతే అసలు రిజైన్ చేయొద్దనే చెబుతాను, ఎదుటివాళ్ళకి కూడా ఆటకట్టు చేయడం సరిగా రాదు కాబట్టి.

అన్నట్టు, గెలిచేవాళ్ళ కుసంస్కారం కూడా ఒకటుంది. ఒకెత్తులో ఆటకట్టు ఉన్నా చేయకుండా, ఉన్న బంట్లన్నిటినీ మంత్రులుగా మార్చుకుంటూ ఆడించడం. నియమాల ప్రకారం తప్పు కాదు. నా క్లాసులో మాత్రం ఒప్పుకోను.

అపోహ: యాప్ మూసేస్తే ఓటమి లెక్కలోకి రాదు.

వాస్తవం: వస్తుంది. కొద్ది గడువిచ్చి, తిరిగి రాకపోతే ఓటమే. లిచెస్ అనే చెస్ సైటులో అయితే అవతలివాళ్ళు వెళ్ళిపోయాక కొంతసేపటికి గెలుపు తీసుకోమని మనకే బటన్ చూపిస్తుంది.

అపోహ: నెట్ పోయిందని చెప్పేవాళ్ళంతా స్టాలింగ్ చేసేవాళ్ళే.

వాస్తవం: మే నెలలో మా దగ్గర గాలివాన లేచిందంటే కరెంటు పోతుంది, దాంతో వైఫై పోతుంది. అది ఎవరి తప్పూ కాదు. కనెక్షన్ తెగిందో లేదో సైటుకి తెలుస్తుంది, తెగితే మన స్క్రీన్ మీద కూడా చూపిస్తుంది. స్టాలింగ్ చేసేవాళ్ళ కనెక్షన్ మాత్రం చక్కగా ఉంటుంది. ఎత్తు ఒక్కటే రాదు. కాబట్టి తిట్టే ముందు అది చూడండి. నెట్ బాగుండీ, ఓడిపోయిన ప్రతిసారీ నెట్ మీదికి తోసేవాళ్ళకి మాత్రం ఆడలేక మద్దెల ఓడన్న సామెత సరిపోతుంది.

అపోహ: ఇంక్రిమెంట్ ఉన్న ఆట పెట్టుకుంటే స్టాలింగ్ ఉండదు.

వాస్తవం: ఇంక్రిమెంట్ అంటే ఎత్తు వేసిన ప్రతిసారీ గడియారంలో కొన్ని సెకన్లు కలవడం. బాబీ ఫిషర్ 1988లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన గడియారం ఇదే. గెలిచే ఆటలో టైమ్ అయిపోయి ఓడిపోకుండా కాపాడటానికి ఇది మంచి మందు. స్టాలింగ్‌కి మాత్రం కాదు. అక్కడ తేడా తెచ్చేది మొదట ఇచ్చే టైమ్. పది నిమిషాల ఆటలో అవతలివాడు రెండు నిమిషాలు వాడి ఆగిపోతే ఎనిమిది నిమిషాలు మిమ్మల్ని కూర్చోబెట్టగలడు. మొదట 3 నిమిషాలిచ్చి ఎత్తుకి 2 సెకన్లు కలిపే ఆటలో ఎంత నానబెట్టినా దాదాపు మూడు నిమిషాలే. ఎత్తు వేయనివాడికి సెకన్లు కలవవు కదా. స్టాలింగ్‌తో విసిగిపోయిన పిల్లలకి కొన్నాళ్ళు ఇట్లాంటి ఆటలు ఆడమని చెబుతాను. కానీ లోతుగా ఆలోచించడం రావాలంటే పెద్ద టైమ్ ఆటలే ఆడాలి, వాటిని పూర్తిగా మానేయొద్దు.

అపోహ: రిపోర్ట్ చేసినా దండగ.

వాస్తవం: ఒక్క రిపోర్ట్‌కి ఎవరి ఖాతా మూతపడదు, నిజమే. అట్లా మూతపడకూడదు కూడా. కానీ ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ అదే చేస్తున్నాడా అన్నది సైట్లు గమనిస్తాయి. లిచెస్‌లో అయితే మనం రిపోర్ట్ చేయకపోయినా తనంతట తానే పట్టుకుంటుంది. మొదట హెచ్చరిక, తర్వాత కొంతసేపు ఆడనివ్వకపోవడం, మళ్ళీ చేస్తే ఇంకా ఎక్కువసేపు. రిపోర్ట్ కొట్టి వదిలేయండి. చాట్‌లో తిడితే తప్పు మీ వైపుకి కూడా వస్తుంది. చాట్ ఆపేసుకోవడం మేలు.

ఇక ఎదుటివాళ్ళు నానబెడుతున్నప్పుడు ఏం చేయాలి? ముందు ఫోన్ సెట్టింగుల్లో స్క్రీన్ ఆరిపోయే టైమ్ పది నిమిషాలకి పెట్టుకోండి. ఆ పిల్లవాడి ఆట పోయాక మా క్లాసులో అందరి ఫోన్లకీ నేనే మార్చాను. లేవొద్దు, వేరే యాప్‌లోకి పోవొద్దు. అవతలివాడు వేయగల ప్రతి ఎత్తుకీ మీ జవాబు కాగితం మీద రాసుకోండి.

అపోహ: ఇది పిల్లల పొగరు.

వాస్తవం: ఫోన్ పట్టుకుని ఏడ్చిన పిల్లవాడే మూడు వారాల తర్వాత మా మేడ మీద ఫోన్ బోర్లా పెట్టి, బొరుగులు తింటూ కనిపించాడు. తిప్పి చూస్తే ఆట నడుస్తోంది. వీడి మంత్రి పోయింది, గడియారంలో ఆరు నిమిషాలున్నాయి. ఏమిరా ఇది అంటే, "నాకు ఆ పొద్దు చేసినారు కదా సార్" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "రాత్రి నాయన రేటింగ్ చూస్తాడు సార్."

రేటింగ్ అంటే ఆటగాడి బలాన్ని చూపే అంకె. సమ ఉజ్జీతో ఓడితే అందులో పోయేది కొద్ది పాయింట్లు. రిజైన్ చేసినా, టైమ్ అయిపోయి ఓడినా పోయేవి అవే పాయింట్లు. ఆరు నిమిషాలు నానబెట్టి ఆ కుర్రాడు కాపాడుకునేది ఏమీ లేదు, నాయన చూసే గంటని కాసేపు వెనక్కి జరపడం తప్ప. వాళ్ళ నాయనతో మాట్లాడాను. మంచి మనిషి. రాత్రుళ్ళు రేటింగ్ బదులు "ఈరోజు ఏ ఎత్తు దగ్గర పోయింది?" అని అడగమన్నాను. చెస్ రాకపోయినా పర్లేదు, వాడు చెబితే వినమన్నాను.

క్లాసులో కూడా ఒక పద్ధతి పెట్టాను. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్ కన్నీళ్ళతోనే పావులన్నీ మొదటి గళ్ళలో సర్దిపెట్టాడు. ఆ వీడియో అందరికీ చూపించాను. ఇప్పుడు ఆట గెలిచినా ఓడినా పావులు సర్దాలి, ఓడినవాళ్ళు నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయాలి. ఆన్‌లైన్ ఆటకి కూడా ఆ వాక్యం ఉండాల్సిందే.

పోయిన శుక్రవారం ఆ కుర్రాడి పుస్తకం చూశాను. గడియారంలో 5 నిమిషాలు ఉండగా రిజైన్ అని రాసి, దాని కింద ఇట్లా ఉంది: "23వ ఎత్తు. మూలనున్న ఏనుగును చూడలేదు."