పిల్లల్లో పీటీఎస్‌డీ: చౌచిల్లా బస్సు నుంచి ఒడిశా తుపాను దాకా

ప్రమాదమో, దాడో, ఇంట్లో చావో కళ్లారా చూసిన పిల్లల గురించి మన ఇళ్లలో మొదట వినిపించే మాట, "చిన్నపిల్లలు, నాలుగు రోజుల్లో మరిచిపోతారు". రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే దడుచుకున్నారని తాయెత్తు కట్టిస్తారు. చాలాకాలం వైద్యులు కూడా ఇంచుమించు ఇలాగే అనుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు పిల్లల మానసిక విశ్లేషకులు పిల్లల కోసం శరణాలయాలు నడిపారు. తల్లి నిబ్బరంగా ఉంటే పిల్లలు బాంబుల మోతను తట్టుకుంటున్నారని, అమ్మానాన్నలకు దూరం కావడమే వాళ్లను ఎక్కువ కుంగదీస్తోందని గమనించారు. ఇది విలువైన పరిశీలనే. కానీ పెద్దవాళ్లు బాగుంటే పిల్లలూ బాగుంటారన్న ధీమా తర్వాత చాలా ఏళ్లు కొనసాగింది. పిల్లల్నే కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ పుస్తకంలో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌ను, అంటే పీటీఎస్‌డీని చేర్చింది. భయంకరమైన సంఘటన ముగిసిపోయాక కూడా దాని భయం, జ్ఞాపకాలు మనిషిని వదలకుండా వేధించే జబ్బు ఇది. దాని వెనక ఉన్నది ముఖ్యంగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు. లక్షణాలన్నీ పెద్దవాళ్లు నోటితో చెప్పుకోగలిగినవే.

ఈలోగా కాలిఫోర్నియాలో వేరే కథ నడుస్తోంది. 1976 జులై 15న చౌచిల్లా అనే చిన్న ఊళ్లో 26 మంది పిల్లలున్న స్కూలు బస్సును ముగ్గురు దుండగులు ఆపారు. పిల్లల్నీ డ్రైవర్‌నీ వ్యాన్లలోకి ఎక్కించి గంటల తరబడి తిప్పారు. చివరికి ఒక క్వారీలో పాతిపెట్టిన ట్రక్కు పెట్టెలోకి దింపారు. దాదాపు 16 గంటల తర్వాత డ్రైవర్, పెద్ద పిల్లలు కలిసి దారి చేసుకుని అందర్నీ బయటికి తెచ్చారు. ఒంటి మీద పెద్ద గాయాల్లేవు. పిల్లల్ని డిస్నీలాండ్ తీసుకెళ్లి తిప్పారు. ఊరంతా హమ్మయ్య అనుకుంది.

కొన్ని నెలల తర్వాత లెనోర్ టెర్ అనే పిల్లల మనోవైద్యురాలు ఆ ఊరికి వెళ్లి ఒక్కొక్కరితో మాట్లాడారు. నాలుగేళ్లకు మళ్లీ వెళ్లారు. భయం ఎవరినీ వదల్లేదు. వ్యానంటే భయం, చీకటంటే భయం. కొందరు అదే సంఘటనను ఆటలో మళ్లీ మళ్లీ ఆడుతున్నారు, ఆ ఆటలో సరదా లేదు. కొందరు ఆ రోజుకు ముందు కనిపించిన అపశకునాలు వెతుక్కుంటున్నారు, ముందే గుర్తించి ఉంటే తప్పించుకునేవాళ్లమని. పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే, అంతవరకు బతికి ఉండబోమన్నట్టు మాట్లాడినవాళ్లూ ఉన్నారు. నన్ను అన్నిటికన్నా కలచివేసే విషయం ఇదే.

1984లో లాస్ ఏంజెలెస్‌లో ఒక స్కూలు ఆటస్థలం మీద కాల్పులు జరిగాయి. మనోవైద్యుడు రాబర్ట్ పైనూస్ బృందం ఆ పిల్లల్ని పరిశీలించింది. తూటాలకు ఎంత దగ్గరగా ఉంటే లక్షణాలు అంత తీవ్రంగా ఉన్నాయని తేలింది. పిల్లవాడి "పిరికితనం" అని కొట్టిపారేయడానికి ఇక వీల్లేకపోయింది. ఆ రోగనిర్ధారణ పుస్తకానికి 1987లో చేసిన సవరణలో పిల్లల్లో కనిపించే తీరు కూడా చేరింది. ఆరేళ్లు, అంతకన్నా తక్కువ వయసు వాళ్లకు విడిగా కొలమానం రావడానికి మాత్రం 2013 దాకా పట్టింది. ఆ వయసులో జ్ఞాపకం ఆట రూపంలో రావచ్చని, అప్పుడు బిడ్డ ముఖంలో బాధ కనిపించకపోవచ్చని అందులో ఉంది.

మన దగ్గర 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఈ జబ్బుకు వైద్యశాస్త్రంలో ఆ పేరే లేదు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ నాటికి పరిస్థితి మారింది. ఏడాది తర్వాత అక్కడి పిల్లల్ని, టీనేజర్లను పరీక్షిస్తే దాదాపు 30 శాతం మందిలో పీటీఎస్‌డీ కనిపించింది. ఇలాంటివి ఎదుర్కొన్న పిల్లలందరికీ ఇది వస్తుందని కాదు. చాలా దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే సగటున ఆరుగురిలో ఒకరికి వస్తోంది.

టీనేజర్ల విషయంలో మనం ఇంకా తడబడుతూనే ఉన్నాం. చిన్నపిల్లలు అమ్మ కొంగు వదలరు, పక్క తడుపుతారు. పదిహేనేళ్లవాడు మాత్రం చిరాకు పడతాడు, చదువులో వెనకబడతాడు, తలుపు వేసుకుని కూర్చుంటాడు. మనం దాన్ని పొగరంటాం. చికిత్స ఉంది: 1990ల నుంచి రూపుదిద్దుకున్న ఒక పద్ధతిలో పిల్లలు జరిగినదాన్ని కొద్దికొద్దిగా, తమ మాటల్లో చెప్పుకుంటారు, అమ్మానాన్నలూ అందులో పాల్గొంటారు. నెల దాటినా లక్షణాలు తగ్గకపోతే పిల్లల మనోవైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఎవరిని కలవాలో తెలియకపోతే 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.